ఫైనల్ ఆడని కెప్టెన్: జైపాల్ సింగ్ ముండా

భుయ్యాడీహ్ (జంషెడ్‌పూర్): రాంచీ సమీపంలో పుట్టిన సువర్ణరేఖ నది కొండలు, అడవులు దాటి జంషెడ్‌పూర్ నగరాన్ని ఒరుసుకుంటూ పారుతుంది. ఆ నది ఒడ్డునే ఉంది భుయ్యాడీహ్. ఉక్కు కర్మాగారంలో ఉపాధి వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ నగరం తరాలుగా సొంత ఊరు. ఈ నేలలో హాకీ కేవలం వినోదం కాదు. సిమ్డేగా, ఖూంటీ జిల్లాల పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలను వంచి స్టిక్కులుగా మలచుకుని ఆడతారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోని సిల్వానస్ డుంగ్‌డుంగ్, మన కాలపు నిక్కీ ప్రధాన్, సలీమా టేటే ఈ మట్టిలోనే ఓనమాలు దిద్దారు. వీరందరికంటే ముందు ఈ నేల నుంచి వెళ్ళి ఒలింపిక్ జట్టుకు నాయకత్వం వహించిన వ్యక్తి జైపాల్ సింగ్ ముండా.

భారతదేశానికి తొలి ఒలింపిక్ హాకీ స్వర్ణం తెచ్చిన 1928 జట్టుకు ఆయన కెప్టెన్. అయితే స్వర్ణాన్ని నిర్ణయించిన ఫైనల్ మ్యాచ్‌లో ఆయన ఆడలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఆయన జీవితం చాలావరకు ఇమిడి ఉంది. కీలక పోరుకు ముందు జట్టును పటిష్ఠం చేయడానికి చేతిలో ఉన్నదాన్ని వదులుకుని చేతికి రానిదాని కోసం పందెం కాయడం క్రీడల్లో కొత్త కాదు. జైపాల్ సింగ్ అటువంటి పందేలను మైదానంలోనూ కాశారు, రాజకీయాల్లోనూ కాశారు. ఒకచోట జట్టు గెలిచింది. మరొకచోట జట్టే మిగలలేదు. ఈ తేడాకు కారణమేమిటన్నది ఆయన జీవితం మన ముందు ఉంచే ప్రశ్న.

టక్రా నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు

1903 జనవరి 3న నేటి ఖూంటీ జిల్లాలోని టక్రా గ్రామంలో ఒక ముండా కుటుంబంలో జైపాల్ సింగ్ జన్మించారు. బిర్సా ముండా రాంచీ చెరసాలలో కన్నుమూసి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ తిరుగుబాటు జ్ఞాపకాలు పల్లెల్లో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరిన ఆ బాలుడి చురుకుదనం ప్రధానోపాధ్యాయుడు కేనన్ కాస్‌గ్రేవ్‌ను ఆకట్టుకుంది. 1918లో ఆయన జైపాల్‌ను తనతోపాటు ఇంగ్లండ్‌కు తీసుకువెళ్ళారు. కాంటర్‌బరీలో కొంతకాలం చదివిన తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో జైపాల్‌కు ప్రవేశం లభించింది. అర్థశాస్త్రంలో ఆయన ఆనర్స్ పట్టా పొందారు.

చదువుకు దీటుగా ఆట సాగింది. హాకీలో ఆయనది ఫుల్‌బ్యాక్ స్థానం. గోల్‌కీపర్‌కు ముందు నిలబడి ప్రత్యర్థి దాడిని ఛేదించడం, అందిన బంతిని ముందున్న సహచరుడికి శుభ్రంగా చేర్చడం ఆ స్థానంలోని ఆటగాడి పని. ఆటలో తొందరపాటు లేకపోవడం, బంతిని గట్టిగా, గురితో కొట్టడం ఆయన ప్రత్యేకతలుగా పేరుపొందాయి. హాకీలో ఆక్స్‌ఫర్డ్ బ్లూ గౌరవం పొందిన తొలి భారతీయ విద్యార్థి ఆయనే.

అదే కాలంలో ఇండియన్ సివిల్ సర్వీసుకు కూడా ఆయన ఎంపికయ్యారు. వలస పాలనలో భారతీయుడికి అందగల అత్యున్నత హోదా అది. జీవితాంతం భద్రత, అధికారం, గౌరవం దానిని అంటిపెట్టుకుని ఉండేవి. అడవి పల్లె నుంచి వచ్చిన ఒక ఆదివాసీ యువకుడికి ఆ ఉద్యోగం ఎంత విలువైనదో విడమరచి చెప్పనవసరం లేదు. శిక్షణ కాలంలో ఉండగానే ఆయనకు మరో పిలుపు వచ్చింది.

ఒక సమాఖ్య కాసిన పందెం

1924 పారిస్ ఒలింపిక్స్‌లో హాకీ లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ క్రీడల్లో దానికి తిరిగి స్థానం దక్కింది. 1925లో ఏర్పడిన భారత హాకీ సమాఖ్య ఈ అవకాశాన్ని వదులుకోదలచలేదు. జట్టు ఎంపిక కోసం కలకత్తాలో ప్రాంతాల మధ్య పోటీలు జరిపింది. యునైటెడ్ ప్రావిన్సెస్, పంజాబ్, బెంగాల్, రాజపుటానా, సెంట్రల్ ప్రావిన్సెస్ జట్లు అందులో తలపడ్డాయి. సైన్యంలో సిపాయిగా పనిచేస్తున్న ధ్యాన్ చంద్, రైల్వేలు, టెలిగ్రాఫ్ వంటి విభాగాలతో అనుబంధమున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఆటగాళ్ళు ఆ పోటీల ద్వారానే జట్టులోకి వచ్చారు.

ఇంతవరకు విషయం సూటిగానే ఉంది. అయితే ఆ తరువాత సమాఖ్య మరో అడుగు వేసింది. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న భారతీయ ఆటగాళ్ళను కూడా జట్టులో కలుపుకోవాలని నిర్ణయించింది. జైపాల్ సింగ్, ఎస్.ఎం.యూసుఫ్, పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీ ఖాన్ ఆ విధంగా జట్టుకు చేరారు. వీరిలో పటౌడీ ఆమ్‌స్టర్‌డామ్ బరిలో దిగలేదు. తరువాతి కాలంలో ఆయన క్రికెట్‌లో ఇంగ్లండ్ తరఫునా, భారత్ తరఫునా టెస్టులు ఆడి ప్రసిద్ధులయ్యారు. జైపాల్ సింగ్‌కు కేవలం జట్టులో చోటు మాత్రమే కాదు, కెప్టెన్ బాధ్యత కూడా అప్పగించారు.

ఇది ఎంత సాహసమో గ్రహించాలంటే ఆనాటి హాకీ ఎలా ఉండేదో కొంత తెలుసుకోవాలి. భారతీయ ఆటగాళ్ళు గట్టి నేలపై చిన్న చిన్న పాస్‌లతో, స్టిక్కును వదలని బంతితో ఆడేవారు. ఇంగ్లండ్‌లో తడిసిన పచ్చికపై బంతి అంత వేగంగా జారదు. అక్కడ బలంగా కొట్టి పరుగెత్తే పద్ధతికి విలువ ఎక్కువ. ఐరోపా మైదానాల తీరు ఎరిగిన ఫుల్‌బ్యాక్ భారత జట్టుకు లాభమే. పైగా వలస దేశపు జట్టుకు ఇంగ్లండ్‌లో, ఐరోపాలో ముఖంగా నిలబడగల విద్యావంతుడు, వాగ్ధాటి గలవాడు కావాలి. ఆ లక్షణాలు జైపాల్ సింగ్‌లో ఉన్నాయి.

నష్టం కూడా అంతే స్పష్టం. ఆ రోజుల ఆఫ్‌సైడ్ నిబంధన ప్రకారం ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు ఒకే వరుసలో నిలబడేవారు కాదు. ఒకరు ముందుకు వెళితే మరొకరు వెనుక కాపు కాయాలి. ఎవరు ఎప్పుడు కదలాలన్నది ఒకరి చూపు మరొకరికి అర్థమైతేనే కుదురుతుంది. కలిసి ఒక్క మ్యాచ్ కూడా ఆడని వ్యక్తిని ఆ స్థానంలో నిలపడం, అతనినే నాయకుడిగా అంగీకరించమని మిగతావారిని కోరడం చిన్న విషయం కాదు. కలకత్తా పోటీల్లో చెమటోడ్చి చోటు సంపాదించుకున్న ఆటగాళ్ళకు, ఆ పోటీల్లో పాల్గొనని వ్యక్తి కెప్టెన్‌గా రావడం రుచించకపోతే అది సహజమే. సైనికుడు, రైల్వే ఉద్యోగి, నవాబు, ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు ఒకే బల్ల చుట్టూ కూర్చోవలసిన జట్టు అది.

చేతిలోని ఉద్యోగం, చేతికందని పతకం

1928 మార్చి 10న బొంబాయి రేవు నుంచి జట్టు ఓడలో బయలుదేరింది. అప్పటికి దేశంలో ఈ జట్టును పట్టించుకున్నవారు తక్కువ. ప్రయాణానికి నిధులు చాలక చందాలపై ఆధారపడవలసి వచ్చింది. రేవులో వీడ్కోలు పలికినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు.

ఇంగ్లండ్ చేరిన జట్టుతో జైపాల్ సింగ్ కలిశారు. కెప్టెన్ హోదాకు ఆయన చెల్లించిన మూల్యం మాత్రం అప్పుడే మొదలైంది. ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్న ఆయన ఒలింపిక్స్ కోసం సెలవు అడిగారు. లండన్‌లోని అధికారులు నిరాకరించారు. సెలవు లేకుండానే ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌కు ప్రయాణమయ్యారు. ఒక తరం భారతీయ యువకులు ఏ ఉద్యోగం కోసం రాత్రింబవళ్ళు చదివేవారో ఆ ఉద్యోగాన్ని ఆయన ఒక మైదానం ముందు పణంగా పెట్టారు.

ఒలింపిక్స్‌లో తొమ్మిది జట్లు రెండు బృందాలుగా పోటీపడ్డాయి. బృందంలో మొదటి స్థానం పొందిన జట్టు నేరుగా ఫైనల్‌కు వెళుతుంది. అంటే నాకౌట్ దశలో స్వర్ణానికి ఒకే ఒక్క మ్యాచ్. భారత్ ఆస్ట్రియాను 6-0తో, బెల్జియంను 9-0తో, డెన్మార్క్‌ను 5-0తో, స్విట్జర్లాండ్‌ను 6-0తో ఓడించింది. గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సమాఖ్య పందెం ఫలించినట్టే కనిపించింది.

సరిగ్గా అక్కడే జట్టు లోపలి పగులు బయటపడింది. జట్టు ఆంగ్లేయ మేనేజర్‌తో జైపాల్ సింగ్‌కు విభేదాలు తలెత్తాయి. ఫైనల్‌కు ముందే ఆయన జట్టు నుంచి తప్పుకున్నారు. ఉద్యోగాన్ని పణంగా పెట్టి వచ్చిన కెప్టెన్ ఆ పణానికి దక్కవలసిన ఘడియలో మైదానంలో లేరు.

బెంచీ గెలిపించిన ఫైనల్

1928 మే 26న ఫైనల్‌లో భారత్ ఎదుర్కొన్నది ఆతిథ్య జట్టు నెదర్లాండ్స్‌ను. కెప్టెన్ లేరు. ఫిరోజ్ ఖాన్, షౌకత్ అలీ, ఖేర్ సింగ్ గిల్ గాయాలు, అనారోగ్యాలతో దూరమయ్యారు. ధ్యాన్ చంద్ కూడా అస్వస్థతతోనే బరిలో దిగారు. మ్యాచ్ మధ్యలో ఆటగాడిని మార్చుకునే వీలు ఆ రోజుల్లో లేదు. మొదట దిగిన పదకొండుగురే చివరి వరకు నిలబడాలి.

వైస్ కెప్టెన్ ఎరిక్ పిన్నిగర్ నాయకత్వం స్వీకరించారు. మైకేల్ రాక్, లెస్లీ హామండ్ ఫుల్‌బ్యాక్ స్థానాలను కాపాడారు. భారత్ 3-0తో గెలిచింది. ధ్యాన్ చంద్ రెండు గోల్స్, జార్జ్ మార్థిన్స్ ఒక గోల్ చేశారు. అయిదు మ్యాచ్‌లలో 29 గోల్స్ చేసి, ఒక్కటీ ఇవ్వకుండా భారత్ తొలి హాకీ స్వర్ణం అందుకుంది. వాటిలో 14 ధ్యాన్ చంద్‌వే.

ఈ గెలుపును ధ్యాన్ చంద్ ప్రతిభకు మాత్రమే ఆపాదించడం సులభం. కాని బృందంలోని లోతును కూడా గమనించాలి. కెప్టెన్ వెళ్ళిపోతే నడిపించడానికి పిన్నిగర్ ఉన్నారు. ఫుల్‌బ్యాక్ వెళ్ళిపోతే నిలబడడానికి మరో ఇద్దరు ఉన్నారు. సమాఖ్య సాహసం చేసింది నిజమే. కాని ఆ సాహసం బెడిసికొట్టినా జట్టు కూలిపోకుండా ఆపగల మనుషులు బెంచీపై ఉన్నారు. కనుకనే పందెం ఒక వ్యక్తికి నష్టం మిగిల్చినా జట్టుకు విజయమే దక్కింది.

భారత హాకీ ఎనిమిదేళ్ళ తరువాత ఇటువంటి పందెమే మళ్ళీ కాసింది. 1936లో బెర్లిన్ చేరిన జట్టు జూలైలో సన్నాహక మ్యాచ్‌లో జర్మనీ చేతిలో 1-4తో ఓడింది. ధ్యాన్ చంద్ అప్పుడు కెప్టెన్. వెంటనే స్వదేశానికి తంతి పంపి అలీ ఇఖ్తిదార్ షా దారాను విమానంలో రప్పించారు. సెమీఫైనల్ నాటికి ఆయన జట్టులో ఉన్నారు. ఓడ ప్రయాణం నుంచి కలిసి మెలసి ఉన్న జట్టులోకి, కీలక దశలో, కొత్త మనిషిని దించారు. భారత్ సెమీఫైనల్‌లో ఫ్రాన్స్‌ను 10-0తో, ఆగస్టు 15న ఫైనల్‌లో అదే జర్మనీని 8-1తో ఓడించింది. ఫైనల్‌లో దారా కూడా గోల్స్ చేశారు. అక్కడ కూడా చుట్టూ ధ్యాన్ చంద్, రూప్ సింగ్, జాఫర్ వంటివారు ఉన్నారు. కొత్తవాడు విఫలమైనా మోసుకుపోగల భుజాలు ఉన్నాయి.

నేడు ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్‌లో నాకౌట్ దశకు కొద్ది వారాల ముందు ఆటగాళ్ళ మార్పిడికి గడువు తేదీ ఉంటుంది. రేపటి యువ ఆటగాళ్ళను ఇచ్చి నేటి అనుభవజ్ఞుణ్ణి తెచ్చుకునే బేరాలు అప్పుడు సాగుతాయి. మన హాకీ ఇండియా లీగ్‌లో వేలం పాటలు ఆ పని చేస్తాయి. ఆ లీగ్ తొలి టైటిల్‌ను 2013లో గెలిచింది రాంచీ జట్టే. పద్ధతులు మారినా లెక్క ఒక్కటే. తెచ్చుకున్నవాడు ఎంత గొప్పవాడన్నది సగం లెక్క. అతడు లేకపోతే ఏమవుతుందన్నది మిగతా సగం.

మరో జట్టు, మరో మైదానం

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తిరిగివచ్చిన జైపాల్ సింగ్‌కు ఐ.సి.ఎస్. అధికారులు ఒక షరతు విధించారు. అనుమతి లేకుండా వెళ్ళినందుకు శిక్షణను మరో ఏడాది కొనసాగించాలన్నారు. ఆయన అంగీకరించలేదు. ఐ.సి.ఎస్.కు స్వస్తి చెప్పారు. తరువాత బర్మా షెల్ చమురు సంస్థలో చేరి కలకత్తాకు వచ్చారు. అక్కడ మోహన్ బగాన్ క్లబ్ హాకీ జట్టు రూపొందడంలో పాలుపంచుకున్నారు. కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు డబ్ల్యు.సి.బెనర్జీ మనుమరాలు తారా మజుందార్‌ను వివాహం చేసుకున్నారు. అటు తరువాత ఆఫ్రికాలోని నాటి గోల్డ్ కోస్ట్‌లో అచిమోటా కళాశాలలోను, రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కళాశాలలోను బోధన రంగంలో పనిచేశారు. బికనీర్ సంస్థానంలో ఉన్నత పదవి నిర్వహించారు.

ఈ పదవులలో దేనిలోనూ ఆయన నిలదొక్కుకోలేదు. 1938లో రాంచీ వచ్చినప్పుడు సొంత ప్రజల స్థితి ఆయనను కదిలించింది. భూములు చేజారుతున్నాయి. గనులు, కర్మాగారాలు వెలుస్తున్నాయి. వాటిలో ఆదివాసీల వాటా మాత్రం కూలి పని. 1939 జనవరిలో ఆదివాసీ మహాసభ ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. మరోసారి జైపాల్ సింగ్ బయటి నుంచి వచ్చి కెప్టెన్ అయ్యారు. అయితే ఈసారి జట్టు ఆయన సొంత మనుషులది. ముండా, ఉరావ్, హో, సంథాల్ ప్రజలు, క్రైస్తవులైన ఆదివాసీలు, కానివారు వేర్వేరు సంఘాలుగా ఉన్న రోజుల్లో వారందరినీ ఒకే వేదికపైకి తేవడం ఆయన సాధించిన మొదటి విజయం.

రాజ్యాంగ సభకు ఎన్నికైన ఆయన 1946 డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానంపై ప్రసంగించారు. ఆదివాసీలే ఈ నేల తొలి వాసులని, ప్రజాస్వామ్యాన్ని వారికి ఎవరూ నేర్పనవసరం లేదని సభకు గుర్తుచేశారు. వారిని ఆదివాసీ అన్న పేరుతోనే పిలవాలని పట్టుబట్టారు. రాజ్యాంగంలో షెడ్యూల్డ్ ప్రాంతాల రక్షణలు, ప్రాతినిధ్యం గురించి జరిగిన చర్చల్లో ఆయన గొంతు విడిగా వినిపించింది.

ఆయన జీవితంలో మరచిపోలేని చీకటి రోజు కూడా ఈ కాలంలోనే వచ్చింది. జంషెడ్‌పూర్‌కు అంత దూరం కాని ఖర్సావాన్‌లో 1948 జనవరి 1న వేలాది ఆదివాసీలు సంతలో గుమిగూడారు. ఖర్సావాన్, సరాయికేలా సంస్థానాలను ఒడిశాలో కలపడాన్ని వారు వ్యతిరేకిస్తున్నారు. జైపాల్ సింగ్ వచ్చి మాట్లాడతారన్న ఆశతో దూర గ్రామాల నుంచి నడిచి వచ్చారు. ఆయన ఆ రోజు అక్కడికి చేరలేదు. జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది మే నెలలో ఆ ప్రాంతాలు బీహార్‌కు బదిలీ అయ్యాయి. కాని ఆ సంతమైదానం నేటికీ ప్రతి జనవరి 1న మృతులను స్మరించుకుంటుంది. ఆయన లేని లోటును పూరించగల రెండవ నాయకుడు ఆ రోజు జనం ముందు లేడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న పిన్నిగర్ ఖర్సావాన్‌లో లేడు.

1963 నాటి మార్పిడి

1950 ఆరంభంలో ఆదివాసీ మహాసభ ఝార్ఖండ్ పార్టీగా రూపాంతరం చెందింది. ఆ మార్పునకు వేదిక జంషెడ్‌పూర్. ఆదివాసీలతోపాటు ఈ ప్రాంతంలో నివసించే ఇతరులకు కూడా పార్టీ తలుపులు తెరిచారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆ పార్టీ బీహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. జైపాల్ సింగ్ లోక్‌సభకు ఎన్నికయ్యారు. మరణించే వరకు ఆయన లోక్‌సభ సభ్యునిగానే కొనసాగారు.

అసలు లక్ష్యం ప్రత్యేక రాష్ట్రం. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. ఝార్ఖండ్ డిమాండును ఆ సంఘం అంగీకరించలేదు. అదే నివేదిక తరువాతి పరిణామాల్లో 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒక భాష మాట్లాడే ప్రజలమన్న వాదంతో మన పెద్దలు సాధించినదాన్ని, అనేక భాషలు మాట్లాడే ఈ కొండ ప్రాంతపు ప్రజలు సాధించలేకపోయారు. జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు చరిత్రలూ తమవే.

ఆ నిరాకరణ తరువాత పార్టీ బలం నెమ్మదిగా తగ్గింది. 1957లో 31గా ఉన్న శాసనసభ స్థానాలు 1962లో 20కి పడిపోయాయి. నిధులు లేవు. బయట ఉండి రాష్ట్రం సాధించడం కుదరదన్న భావన నాయకునిలో పెరిగింది. 1963లో జైపాల్ సింగ్ తన పార్టీని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. అధికార పక్షం లోపల ఉంటే ఝార్ఖండ్ లక్ష్యం దగ్గరవుతుందన్నది ఆయన లెక్క. విలీనం తరువాత ఆయన స్వల్పకాలం బీహార్ మంత్రివర్గంలో ఉన్నారు.

ఈ నిర్ణయాన్ని స్వార్థమని తేల్చివేయడం న్యాయం కాదు. ముప్పయి అయిదేళ్ళ ముందు ఉద్యోగాన్ని, ఆ తరువాత ఎన్నో సుఖాలను వదులుకున్న మనిషి ఆయన. బలహీనపడుతున్న జట్టును కీలక పోరుకు ముందు బలమైన జట్టుతో కలపడం మైదానం తెలిసినవాడికి తప్పుగా తోచదు. అయితే ఈ మార్పిడిలో ఒక మెలిక ఉంది. 1928లో సమాఖ్య ఒక ఆటగాణ్ణి తెచ్చుకుంది, జట్టును ఇచ్చివేయలేదు. 1963లో జైపాల్ సింగ్ ఇచ్చివేసింది జట్టునే. కోడి గుర్తు కింద ఓటు వేసిన పల్లెలకు ఆ గుర్తు లేకుండా పోయింది. విలీనాన్ని ఒప్పుకోని కార్యకర్తలు చెల్లాచెదురయ్యారు. ఆశించిన రాష్ట్రం రాలేదు. వెనక్కి వచ్చి ఆడదామంటే బెంచీ ఖాళీగా ఉంది.

మైదానంలో పందెం ఫలితం అరవై నిమిషాల్లో తేలిపోతుంది. రాజకీయాల్లో అది తేలడానికి ఒక జీవితకాలం చాలకపోవచ్చు. 1970 మార్చి 20న ఢిల్లీలో జైపాల్ సింగ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన ఖూంటీ నియోజకవర్గ ప్రతినిధి. ఎన్.ఈ.హోరో వంటివారు ఝార్ఖండ్ పార్టీని తిరిగి నిలబెట్టే ప్రయత్నం చేశారు. 1970ల ఆరంభంలో వినోద్ బిహారీ మహతో, శిబూ సోరెన్, ఎ.కె.రాయ్ వంటి నాయకులతో ఝార్ఖండ్ ముక్తి మోర్చా పుట్టింది. బిర్సా ముండా జయంతి అయిన నవంబరు 15న, 2000 సంవత్సరంలో, ఝార్ఖండ్ రాష్ట్రం అవతరించింది. విలీనం జరిగిన 37 ఏళ్ళ తరువాత ఆ ఫైనల్ ముగిసింది. దానిలో కూడా మొదటి కెప్టెన్ లేరు.

మిగిలిన పాఠం

రాంచీ నడిబొడ్డున ఆయన పేరిట ఒక క్రీడా మైదానం ఉంది. జంషెడ్‌పూర్‌లో నావల్ టాటా పేరుతో హాకీ అకాడమీ నడుస్తోంది. నావల్ టాటా అధ్యక్షునిగా ఉన్న కాలంలోనే స్వతంత్ర భారత జట్లు 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచాయి. ఖూంటీ జిల్లాకే చెందిన నిక్కీ ప్రధాన్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడి, మహిళల హాకీలో ఆ గౌరవం పొందిన తొలి ఝార్ఖండ్ క్రీడాకారిణి అయ్యారు. జైపాల్ సింగ్ టక్రా నుంచి వెళ్ళినప్పుడు ఆ దారిలో ఆయన ఒక్కరే నడిచారు. ఇప్పుడు అదే దారిలో ఏటా పదుల సంఖ్యలో బాలబాలికలు అకాడమీల ఎంపిక శిబిరాలకు వస్తున్నారు.

ఒక విధంగా ఆయన అసలు లోటును పూడుస్తున్నది ఈ పిల్లలే. ప్రతిభ గల ఒక్క మనిషిని పట్టుకుని అతనిపైనే భారమంతా మోపిన ప్రతిసారీ ఆ మనిషి గాయపడ్డాడు. అతని వెనుక మనుషులున్న చోట జట్టు గట్టెక్కింది. లేని చోట ఖర్సావాన్ సంతమైదానంలో నిలిచిన జనం, కోడి గుర్తును పోగొట్టుకున్న పల్లెలు మూల్యం చెల్లించాయి. పందెం కాయడం తప్పని జైపాల్ సింగ్ జీవితం చెప్పదు. ఐ.సి.ఎస్.ను పణంగా పెట్టకపోతే ఆయన పేరు ఒక పాత జిల్లా గెజెట్‌లో ఒక వరుసగా మిగిలేది. కాని పందెం కాసే ముందు బెంచీ వైపు ఒకసారి తిరిగి చూడాలని మాత్రం ఆ జీవితం చెబుతుంది. ఆ మాట కెప్టెన్లకు ఎంత వర్తిస్తుందో, కెప్టెన్లను ఎన్నుకునే మనకూ అంతే వర్తిస్తుంది.